ఫెయిరీ గార్డెన్‌లో స్కేలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఫెయిరీ గార్డెన్ (కథల్లోని రెక్కల బుల్లి మనుషులు, అంటే ఫెయిరీలు, ఉంటున్నట్టు బొమ్మలతో, మొక్కలతో కట్టే చిన్న తోట) కోసం ఇల్లు, బల్ల, కుర్చీ, రెండు ఫెయిరీ బొమ్మలు వేర్వేరు చోట్ల కొన్నాను. అన్నింటి మీదా 'మినియేచర్' అనే ఉంది. తీరా కుండీలో సర్దితే బొమ్మ తల ఇంటి చూరుకి తగులుతోంది. అదే బొమ్మని కుర్చీలో కూర్చోబెడితే మునిగిపోతోంది. అసలు ఏ స్కేలు కొనాలి?

జవాబు: 'మినియేచర్' అని రాసినంత మాత్రాన కొలత తెలియదండీ. కొలత తెలిపేది నిష్పత్తి, దాన్నే స్కేలు అంటాం. 1:12 అంటే అసలు వస్తువులో పన్నెండో వంతు, అంటే అడుగు కాస్తా అంగుళం అవుతుంది. బొమ్మరిళ్లకి ఇదే ప్రామాణికం. ఇంగ్లండ్‌ రాణి మేరీ కోసం వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియన్స్ రూపొందించగా 1924లో పూర్తయి, ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్న బొమ్మరిల్లు కూడా ఈ లెక్కలో కట్టినదే. 1:24లో అడుగు అర అంగుళమవుతుంది, 1:48లో పావు అంగుళం. ఫెయిరీ గార్డెన్‌ సామాన్లలో పెద్ద, మధ్య, చిన్న సైజులుగా అమ్మేవి చాలావరకు ఈ మూడింటికి అటూ ఇటూగా ఉంటాయి.

అయిదున్నర అడుగుల మనిషి 1:12లో 14 సెంటీమీటర్లు, 1:24లో 7, 1:48లో 3.5 ఉంటాడు. రెండు మీటర్ల తలుపు వరసగా 16.7, 8.3, 4.2 సెంటీమీటర్లకి వస్తుంది. ఈ ఆరు అంకెలు ఓ చీటీ మీద రాసుకుని, చిన్న స్కేలుబద్దతో పాటు సంచిలో పెట్టుకుంటే కొనేటప్పుడు సగం తప్పులు తప్పుతాయి.

మీ దగ్గరున్న ఇల్లు 1:24కి దగ్గర్లో ఉన్నట్టుంది. బొమ్మలు 1:12. కుర్చీ బహుశా బార్బీ సైజు, అంటే 1:6. ఒక్కటి ఉంచుకుని మిగతావి మార్చక తప్పదు. ఇంటినే ఉంచుకోండి. 7 సెంటీమీటర్ల బొమ్మలు, సీటు 1.9 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కుర్చీలు తెచ్చుకుంటే సరిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఇంటితో మొదలుపెట్టకూడదు. ముందు కుండీ. 1:12లో కుండీ వెడల్పు ఎన్ని అంగుళాలో మీ తోట అన్ని అడుగులు. పన్నెండు అంగుళాల కుండీ అంటే పన్నెండు అడుగుల స్థలమన్నమాట. అందులో ఇల్లు కట్టి, దారి వేసి, చెట్టు నాటితే ఊపిరాడదు. ఒక బెంచీ, ఒక తోరణం పడతాయి, అంతే. అదే కుండీ 1:24లో ఇరవై నాలుగు అడుగులవుతుంది, చిన్న గుడిసె, దారి, ఒక చెట్టు హాయిగా ఇముడుతాయి. 1:48లో నలభై ఎనిమిది అడుగులు. కాబట్టి ఆరంగుళాల లోపు గిన్నెలకి 1:48, ఎనిమిది నుంచి పదహారు అంగుళాల కుండీలకి 1:24, అంతకంటే పెద్ద తొట్లకీ నేల మీది మడులకీ 1:12 తీసుకోండి. ఎంత దూరం నుంచి చూస్తారన్నదీ లెక్కలోకి వస్తుంది. నిలబడి ఐదారడుగుల దూరం నుంచి చూసే మడిలో 1:48 ఇల్లు ఆకుల మధ్య కంటికి ఆనదు. రాసుకునే బల్ల మీద ఉండే గిన్నెలో 1:12 కుర్చీ ఒక్కటి పెడితే అదే తోటంతా అయిపోతుంది.

కుండీ తర్వాత బొమ్మ, బొమ్మని బట్టి తలుపు, తలుపుని బట్టి ఇల్లు, ఆపైన సామాను, చివరికి మొక్కలు. చాలామంది ఈ వరసని తిరగేసి, ముద్దుగా ఉందని ముందు ఇల్లు కొంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: నిష్పత్తి రాయని వస్తువు ఏ స్కేలులో ఉందో ఎలా కనుక్కోవాలి? ఫోటో చూసి కొనేటప్పుడు మరీ కష్టంగా ఉంది.

జవాబు: నిజ జీవితంలో కొలత పెద్దగా మారని భాగాన్ని వెతకండి. తలుపు ఎత్తు 200 సెంటీమీటర్లు. కుర్చీ సీటు నేల నుంచి 45. బల్ల 75. మెట్టు ఎత్తు 17, 18 మధ్య. పిట్టగోడ లేదా కటకటాలు 90 నుంచి 100. అసలు కొలతని బొమ్మ కొలతతో భాగిస్తే స్కేలు వచ్చేస్తుంది. కుర్చీ సీటు 2.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, 45ని 2.5తో భాగిస్తే 18. అది 1:18, లోహపు బొమ్మ కార్లలో బాగా వాడుకలో ఉన్న సైజు. ఇంటి మొత్తం ఎత్తు, కుండీల సైజు, చెట్ల ఎత్తు ఈ లెక్కకి పనికిరావు. వాటికి నిజంలోనే ఒక కొలతంటూ లేదు.

ఫోటోల దగ్గర మోసపోయేది 'ఎత్తు 9 సెం.మీ.' అన్న మాట దగ్గర. అందులో పొగగొట్టం, కింది దిమ్మె, కొన్నిసార్లు మట్టిలో గుచ్చే కడ్డీ కూడా కలిసి ఉంటాయి. తెర మీద బొమ్మకి స్కేలుబద్ద ఆనించి చూడండి. మొత్తం ఎత్తులో తలుపు మూడో వంతు ఉంటే అసలు తలుపు 3 సెంటీమీటర్లే. 200ని 3తో భాగిస్తే దాదాపు 67. అంటే ఆ ఇంట్లోకి రెండున్నర సెంటీమీటర్ల మనిషి మాత్రమే వెళ్లగలడు. పక్కనే ఏడు సెంటీమీటర్ల ఫెయిరీని నిలబెట్టి ఫోటో తీసి అమ్ముతుంటారు, జాగ్రత్త.

అన్నీ అచ్చంగా ఒకే అంకెలో ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. వేర్వేరు రకాల వస్తువుల మధ్య పదిహేను, ఇరవై శాతం తేడాని కన్ను పట్టించుకోదు, నిజంలోనూ మనుషులు, తలుపులు, బల్లలు అంత తేడాతో ఉంటాయి కదా. తోట రైళ్ల కోసం చేసే జీ స్కేలు మనుషులు 1:22.5లో ఉంటారు, 1:24 ఇంటి ముందు చక్కగా కుదురుతారు. అయితే ఒకే రకం వస్తువులు పక్కపక్కనే ఉన్నప్పుడు పది శాతం తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు కుర్చీలు కొంటే ఒకే చోట కొనండి.

ప్రశ్న: ఫెయిరీ మనిషి కాదు కదా, తన ఎత్తు ఇంతని ఎవరు చెప్పారు? పుట్టగొడుగు ఇంటికంటే పెద్దగా ఉంటే తప్పేమిటి?

జవాబు: తప్పేమీ లేదు. కానీ మీరు కడుతున్నది రెండు లోకాల్లో ఏదో ముందే తేల్చుకోవాలి.

ఒకటి కుదించిన లోకం. మనుషుల ఊరినే ఇరవై నాలుగో వంతుకి తగ్గించామనుకోండి, అందులో సైకిలు, వీధి దీపం, తపాలా పెట్టె, చెట్టు అన్నీ ఆ వంతుకే తగ్గాలి. పది సెంటీమీటర్ల పుట్టగొడుగు అక్కడ నాలుగు మిల్లీమీటర్లు.

రెండోది అసలు సైజు లోకం. ఇక్కడ ఏదీ తగ్గలేదు. మన తోటలోనే, మన పుట్టగొడుగుల కింద, ఏడు సెంటీమీటర్ల చిన్న మనుషులు ఉంటున్నారు. వాళ్లకి పుట్టగొడుగు గొడుగంత, నత్త పశువంత, మామూలు ఆకు పైకప్పంత. మనం పారేసిన వస్తువులే వాళ్ల సామాను. చెక్క దారపు ఉండ మూడు సెంటీమీటర్ల ఎత్తుంటే ఏడు సెంటీమీటర్ల ఫెయిరీకి సరిగ్గా భోజనాల బల్ల ఎత్తు. సీసా మూత పెద్ద పళ్లెం. చొక్కా గుండీ గోడకి వేలాడే అలంకారం. కుట్టుపని అంగుస్తానా బాల్చీ. ఈ లోకంలో మొక్కల ఆకు సైజు గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు, అదే దీని పెద్ద సుఖం. చాలామందికి తెలియకుండానే ఇష్టమైనది ఇదే, పుట్టగొడుగు ఇళ్లు అంతగా అమ్ముడుపోవడానికి కారణమూ ఇదే.

తేడా కొట్టేది రెండూ కలిసినప్పుడు. 1:24 సైకిలు పక్కనే అసలు సైజు గుండీ పెడితే, సైకిలు 'ఇది తగ్గిన ఊరు' అంటుంది, గుండీ 'కాదు, ఇది మీ పెరడే' అంటుంది. చూసేవాళ్లకి ఏదో పొసగలేదని తెలుస్తుంది కానీ ఏమిటో చెప్పలేరు.

ఏ లోకమైనా ఒక కట్టుబాటు మాత్రం ఉంది. ఫెయిరీ చెయ్యి, కాలు తగిలేవన్నీ తన ఒంటికి సరిపోవాలి: తలుపు, గడియ, మెట్టు, కుర్చీ, కప్పు, దారి, కటకటాలు. పుట్టగొడుగు ఎంత లావున్నా ఫర్వాలేదు, దాని కాండానికి పెట్టిన తలుపు మాత్రం తను దూరేటట్టు ఉండాలి. మొలిచేవి, పాకేవి, దొర్లేవి ఏ సైజైనా కావచ్చు.

ఇంకో సంగతి. బొమ్మ ఎత్తు కొలిచేటప్పుడు రెక్కలు, టోపీ వదిలేయండి. తల సైజు కూడా చూడండి. పెద్దవాళ్ల ఒంటి పొడవు వాళ్ల తలకి ఏడు, ఏడున్నర రెట్లుంటుంది. బుడిబుడి నడకల పిల్లలకి నాలుగు రెట్ల పైచిలుకు. ముద్దు కోసం తల పెద్దగా చేసిన బొమ్మ ఏడు సెంటీమీటర్లున్నా దాని కాళ్లు పొట్టిగా ఉంటాయి, 1:24 కుర్చీలో కూర్చుంటే పాదాలు గాల్లో వేలాడతాయి. అలాంటి బొమ్మకి మొత్తం ఎత్తు లెక్క పనిచెయ్యదు. మోకాలి నుంచి మడమ దాకా కొలిచి, అంతే ఎత్తున్న సీటు వెతకండి.

ప్రశ్న: 1:24 గుడిసె పక్కన జేడ్ మొక్క నాటాను. ఇల్లు బొమ్మలాగే ఉంది, చెట్టు చెట్టులా లేదు. ఏ మొక్కలు నప్పుతాయి?

జవాబు: జేడ్ ఆకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. మీ గుడిసె లెక్కలో అది ముప్పావు మీటరు నుంచి మీటరు పైచిలుకు పొడవున్న ఆకు. కన్ను ఒప్పుకోదు. బొమ్మల స్కేలు అందరూ చూస్తారు, ఆకుల స్కేలు దగ్గర దెబ్బతింటారు.

1:12కి సెంటీమీటరు లోపు ఆకు, 1:24కి అర సెంటీమీటరు లోపు ఆకు పెట్టుకోండి. 1:48కి నాచు, దానిలాంటి అతి సన్న ఆకులు తప్ప ఏవీ కుదరవు. జేడ్‌లాగే కనిపించే పోర్చులకేరియా ఆకు సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉంటుంది, చిగుళ్లు గిల్లుతూ ఆకుల్ని చిన్నవిగా ఉంచితే 1:12లో మంచి చెట్టవుతుంది. 1:24లో చెట్టుకి చిన్నాకుల తీగ మ్యూలెన్‌బెకియాని కర్రకి పాకించి పైన గుబురు కత్తిరించుకోవచ్చు. పచ్చిక కోసం నీడలో బేబీ టియర్స్, సెలాజినెల్లా, నాచు. ఎండలో పాకే థైమ్, చిన్నాకుల సీడమ్. ఈ రెండు జట్లనీ ఒకే కుండీలో నాటకండి. మొదటివాటికి ఎప్పుడూ తేమ కావాలి, రెండోవాటికి తడికీ తడికీ మధ్య మట్టి ఆరాలి. కలిపితే నెల తిరిగేసరికి ఒక జట్టు పోతుంది.

ఎత్తు కూడా లెక్కే. ఇరవై సెంటీమీటర్ల బోన్సాయ్ 1:12 ఇంటి పక్కన 2.4 మీటర్ల పొదే అవుతుంది. 1:24 పక్కన దాదాపు ఐదు మీటర్ల చెట్టు. 1:48 పక్కన తొమ్మిదిన్నర మీటర్ల మహావృక్షం. బల్ల మీది కుండీలకి 1:24 బాగా కుదరడానికి అసలు కారణం ఇదే, 1:12 ఇంటికి తగ్గ చెట్టు కావాలంటే అరమీటరు మొక్క పెంచాలి. చైనావాళ్లు చెట్టు, కొండ దృశ్యాలు కట్టే పెన్‌జింగ్ కుండీల్లో వేలెడంత కూడా లేని మట్టి మనుషుల్ని పెట్టడంలో కిటుకూ అదే, మనిషి ఎంత చిన్నగా ఉంటే వెనకున్న రాయి అంత పెద్ద కొండ అవుతుంది.

మొక్కని చెట్టుగా మార్చడానికి కింది మూడో వంతు కొమ్మలు తీసేసి కాండం కనపడనివ్వండి. పొదకీ చెట్టుకీ తేడా అక్కడే ఉంది. కొత్త కొమ్మ నాలుగైదు ఆకులేసినప్పుడు రెండాకులు వదిలి మిగతాది తుంచండి. నత్రజని ఎక్కువున్న ఎరువు వేసినా, వెలుతురు తక్కువైనా ఆకులు పెద్దవై కణుపుల మధ్య దూరం సాగుతుంది, స్కేలు మళ్లీ చెడుతుంది. నాచు పరిచేటప్పుడు దాని మందం మర్చిపోకండి. సెంటీమీటరు మందం నాచు 1:24లో పిక్కల లోతు గడ్డి. కుర్చీ, బెంచీ పెట్టేచోట నాచుని కత్తిరించి, కాళ్ల కింద చదునైన రాతి ముక్క పెట్టండి, లేకపోతే వారంలో కూరుకుపోయి సీటు నేలకి ఆనుతుంది.

ప్రశ్న: దారికి అక్వేరియం గులకరాళ్లు వాడొచ్చా?

జవాబు: ఆరు మిల్లీమీటర్ల గులక 1:12లో ఏడు సెంటీమీటర్ల రాయి, కష్టం మీద నడవొచ్చు. 1:24లో పద్నాలుగు సెంటీమీటర్లు. 1:48లో దాదాపు అడుగు బండ. 1:12కి రెండు మూడు మిల్లీమీటర్ల రాతి నలుసులు, 1:24కి ముతక ఇసుక, 1:48కి సన్న ఇసుక సరిపోతాయి. నిజం దారి 90 నుంచి 120 సెంటీమీటర్లుంటుంది కాబట్టి 1:12లో దారి వెడల్పు ఏడున్నర నుంచి పది సెంటీమీటర్లు, 1:24లో అందులో సగం. ఇసుక దారి నీళ్లు పోయగానే కొట్టుకుపోతుందని చాలామంది ఫిర్యాదు. నాలుగు పాళ్ల పొడి ఇసుకలో ఒక పాలు సిమెంటు కలిపి, అర సెంటీమీటరు మందాన పరిచి, స్ప్రేతో మంచులా తడిపి రెండు రోజులు కదపకుండా ఉంచండి. ధారగా పోస్తే సిమెంటు పైకి తేలి బూడిద రంగు పెచ్చు కడుతుంది.

నీలం, గులాబి రంగు గాజు రాళ్లు మాత్రం మా సలహా ప్రకారం వద్దు. అవి ఏ స్కేలులోనూ దారిలా కనిపించవు.

ప్రశ్న: 1:24లో గుడిసె సొంతంగా చెయ్యాలనుకుంటున్నాం. ఐస్‌క్రీమ్ పుల్లలతో చేస్తే మొరటుగా వస్తోంది. కొలతలు, పద్ధతి చెప్పగలరా?

జవాబు: మొరటుతనం మీ చేతిది కాదు, పుల్లది. ఐస్‌క్రీమ్ పుల్ల సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం. 1:12లో అది పన్నెండు సెంటీమీటర్ల పలక, బాగుంటుంది. 1:24లో ఐదు సెంటీమీటర్ల మందం దూలమవుతుంది. మీకు కావలసింది కాఫీ కలిపే చెక్క పుల్ల, దాదాపు అయిదున్నర మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటింబావు మందం, 14 సెంటీమీటర్ల పొడవు. స్తంభాలకి మూడు మిల్లీమీటర్ల వెదురు పుల్ల, కటకటాలకి పళ్లు కుట్టుకునే పుల్ల.

పుల్లలు అతికే లోపలి గోడలు మూడు మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్ బోర్డుతో చెయ్యండి. అట్ట, ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) తేమకి ఉబ్బిపోతాయి. ముందు, వెనక గోడలు 12 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు. ఇంటి లోతు 10 సెంటీమీటర్లు. పక్క గోడలు ఆ రెండింటి మధ్య ఇరుకుతాయి కాబట్టి వాటి వెడల్పు 10 కాదు, 9.4. ఇక్కడ పొరపడితే కప్పు అంచు ఆరు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో పోతుంది. పక్క గోడ అంచుల దగ్గర 10.3 ఎత్తు, మధ్యలో శిఖరం 15. కప్పు నలభై అయిదు డిగ్రీల వాలుకి వస్తుంది. కప్పు పలకలు రెండు, ఒక్కోటి 14 పొడవు, 8.4 వెడల్పు, చూరు చుట్టూ దాదాపు సెంటీమీటరు బయటికి ఉంటుంది.

తలుపు 8.3 ఎత్తు, 3.5 వెడల్పు. గడియ నేల నుంచి 4.2. కిటికీ 3.75 వెడల్పు, 4 ఎత్తు, దాని కింది అంచు నేల నుంచి 3.75 ఎత్తులో. మెట్టు ఏడు మిల్లీమీటర్లన్నర ఎత్తు, పన్నెండు లోతు. సెంటీమీటరున్నర మెట్టు వేసి, తర్వాత ఫెయిరీ గోడెక్కుతున్నట్టుందని బాధపడినవాళ్లు ఉన్నారు, మెట్టు దగ్గర మిల్లీమీటర్లు చూసుకోవాలి.

తలుపు, కిటికీ రంధ్రాలు గోడలు నిలబెట్టకముందే కొయ్యండి. గోడల్ని అతికి, మూలలు గుణియంతో సరిచూసి, ఆరాక పుల్లల్ని కింద నుంచి పైకి వరసలుగా అతకండి. ఒక్కో గోడకి పద్దెనిమిది వరసలు, పక్క గోడల త్రికోణాలతో కలిపి తొంభై పుల్లలు దగ్గర పెట్టుకుంటే చాలు. కప్పుకి పెంకుల్లా కావాలంటే పుల్లల్ని పన్నెండు మిల్లీమీటర్ల ముక్కలు చేసి, చూరు నుంచి మొదలుపెట్టి, పై వరస కింది వరసని సగం కప్పేటట్టు అతకాలి. వైపుకి పద్నాలుగు వరసలు, వరసకి పాతిక ముక్కలు, రెండు వైపులా కలిపి ఏడువందలు. ఓపిక లేకపోతే నిలువు పలకలు వేసేయండి, దూరానికి అంత తేడా తెలియదు.

బయట పెట్టే ఇంటికి మామూలు తెల్ల జిగురు వాడకండి, తడికి మెత్తబడి పుల్లలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. నీటికి తట్టుకునే చెక్క జిగురో, రెండు గొట్టాల ఎపాక్సీయో వాడండి. సూపర్ గ్లూ పెళుసు, పట్టి ఉంచడానికి ఒక చుక్క వేసుకోవచ్చు. వార్నిష్ రెండు మూడు పూతలు వెయ్యండి, ముఖ్యంగా పుల్లల కోసిన కొనలకి, తేమ ఎక్కేది అక్కడి నుంచే. ఇంటిని నేరుగా మట్టి మీద పెట్టకుండా నాలుగు మూలలా ఐదు సెంటీమీటర్ల తుప్పు పట్టని తీగ ముక్కలు ఎపాక్సీతో బిగించి, మట్టిలో గుచ్చి, అడుగున అర సెంటీమీటరు ఖాళీ వదలండి. ఆ సందుని ముతక ఇసుక కప్పేస్తుంది. గాలికి ఇల్లు పడకుండానూ ఉంటుంది.

ప్రశ్న: రెండు స్కేళ్లు కావాలనే కలిపి తోటని లోతుగా చూపించవచ్చంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, ఒకే వైపు నుంచి చూసే తోటయితే. అమెరికాలో 1955లో తెరిచిన వినోద పార్కు డిస్నీలాండ్‌లో స్లీపింగ్ బ్యూటీ కోట 77 అడుగులే ఉన్నా అంతకంటే ఎత్తుగా అనిపించడానికి ఇదే కిటుకు, పైకి వెళ్లేకొద్దీ ఇటుకల్ని చిన్నవి చేశారు. మీ తోటలో ముందు 1:12 గేటు, బెంచీ, వెనక 1:24 ఇల్లు పెట్టండి. దారిని ముందు ఎనిమిది సెంటీమీటర్ల నుంచి వెనక మూడుకి సన్నబరచండి. పెద్దాకులు ముందుకి, సన్నాకులు వెనక్కి. రెండు స్కేళ్లు కలిసే చోట మలుపో పొదో అడ్డుపెట్టండి. బొమ్మ ఎప్పుడూ ముందే ఉండాలి, ఇంటి గుమ్మంలో నిలబెడితే గుట్టు రట్టవుతుంది. గోడవారన అల్మరాలో కంటి ఎత్తున పెట్టిన ట్రేకి ఇది బాగా పనిచేస్తుంది. పైనుంచి వంగి చూసే కుండీకి వద్దు.

ప్రశ్న: చిన్న జలపాతం, దీపాలు పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: నీటిని తగ్గించలేం. కుళాయి నుంచి రాలే చుక్క దాదాపు ఐదు మిల్లీమీటర్లు, 1:24లో అది పన్నెండు సెంటీమీటర్ల నీటి ముద్ద. ఎంత మంచి పంపు పెట్టినా జలపాతం బొమ్మ జలపాతంలాగే కనిపిస్తుంది. కదలని నీరు మాత్రం ఏ స్కేలులోనైనా నమ్మిస్తుంది. లోపల నల్ల రంగేసిన రెండు సెంటీమీటర్ల లోతు పళ్లెం పాతి, అంచుని నాచుతో కప్పండి. నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చకపోతే దోమలు చేరతాయి.

దీపాల్లో ఐదు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ 1:12కి సరిగ్గా బల్బంత. 1:24కి మూడు మిల్లీమీటర్లది తీసుకోండి. వెలుగు పసుపు ఛాయలో, సన్నగా ఉండాలి. తెల్లటి జిగేల్‌మనే దీపం ఇంటిని డబ్బాగా మార్చేస్తుంది.

ప్రశ్న: త్రీడీ ప్రింటరుంది. ఫైళ్లని ఎంత శాతానికి తగ్గించాలి?

జవాబు: అసలు సైజులో గీసిన ఫైలైతే 1:12కి 8.33 శాతం, 1:24కి 4.17, 1:48కి 2.08. 1:12 ఫైలుని 1:24కి మార్చాలంటే 50 శాతం. రైలు బొమ్మల హెచ్ఓ స్కేలు, అంటే 1:87 ఫైలుని 1:24కి పెంచాలంటే 87ని 24తో భాగించి 362.5 శాతం.

సగానికి తగ్గిస్తే ప్లాస్టిక్ ఎనిమిదో వంతే పడుతుంది, కానీ బలమూ పోతుంది. 1:12లో రెండు మిల్లీమీటర్ల కటకటం సగానికి మిల్లీమీటరై తీసేటప్పుడే విరుగుతుంది. 0.4 నాజిల్‌తో 0.8 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఏదీ ఉంచకండి, అవసరమైతే ఆ భాగాన్ని మాత్రం లావు చెయ్యండి. ఎండలో పెట్టేవి పీఎల్ఏ రకం ప్లాస్టిక్‌తో వద్దు, అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ముదురు రంగు కప్పు నేరుగా పడే ఎండలో అంత వేడెక్కి వంగిపోతుంది. పీఈటీజీ మేలు, ఏఎస్ఏ ఇంకా మేలు.

ప్రశ్న: పన్నెండంగుళాల కుండీకి 1:12 ఇల్లు బహుమతిగా వచ్చింది. పెడితే ఇల్లు తప్ప ఏమీ కనపడదు. ఏం చెయ్యను?

జవాబు: ఇల్లంతా చూపించాల్సిన పని లేదు. కుండీ వెనక అంచుకి ఆనించి, వెనక సగాన్ని మట్టి దిబ్బలో పూడ్చి, కప్పు మీద నాచు పరవండి. కొండలోంచి ముందు గోడ, తలుపు మాత్రమే బయటికి కనిపిస్తాయి. ముందు మిగిలిన ఆరేడు అంగుళాల్లో రెండు మెట్లు, ఒక బెంచీ, ఒక 14 సెంటీమీటర్ల బొమ్మ చాలు. పూడ్చే ముందు ఇంటి వెనక, అడుగు భాగాలకి ప్లాస్టిక్ షీటు చుట్టి, కుండీ అడుగు రంధ్రాలకి అది అడ్డం పడకుండా చూసుకోండి. చెక్క ఇల్లయితే పూడ్చొద్దు, దాని వెనక రాళ్లు పేర్చి దాచండి.